బోధన్‌లో దొరికిన చలి సముద్రపు చిప్ప

ఆల్చిప్ప పని మీద బోధన్ వెళుతున్నానంటే మా ఇంట్లో ఎవరూ నమ్మలేదు. "బోధన్‌కి చెరకు కోసం పోతారు గాని చిప్పల కోసం పోయేదానివి నువ్వొక్కదానివే" అన్నారు మా ఆయన. ఆ మాటకు నాకు ఒళ్ళు మండింది గాని ఆయనన్నదీ నిజమే. బోధన్ నుంచి ఏ దిక్కుకు బయల్దేరినా రాత్రంతా ప్రయాణం చేస్తే గాని సముద్రం కనిపించదు.

నేను పుట్టింది బందరులో. పనిచేసేది హైదరాబాద్‌లో, ఒక మ్యూజియంలో చిప్పలూ శంఖాలూ దాచే విభాగంలో. జనం చూసే అద్దాల బీరువాలు కావు నావి, వెనక గదిలో సొరుగుల నిండా ఉండే సరుకు. కొన్నాళ్ళుగా పాత చీటీల మీది వివరాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నాం. ఏ జీవి, ఎక్కడ దొరికింది, ఎవరు తెచ్చారు, ఇవి సరిగ్గా ఉంటేనే చిప్పకు విలువ. లేకపోతే పిల్లలు ఆడుకోవడానికి తప్ప పనికిరాదు. రికార్డులో తప్పు కనిపిస్తే దాని సంగతి తేలేదాకా నాకు అన్నం సహించదు.

అలాంటి తప్పు ఒకటి దొరికింది. మసెల్ అనే ఆల్చిప్ప, అందులోనూ మంచు సముద్రాల్లో తప్ప బతకని రకం. మా బందరు సముద్రంలో వేస్తే వేడికే చస్తుంది. అరచేతిని మించిన పొడవు, పైన ఊదా కలిసిన నలుపు, లోపల మీగడ తెలుపు. జీవికి రెండు చిప్పలుంటే మా దగ్గరున్నది ఒక సగమే. చీటీ మీద మాత్రం "దొరికిన చోటు: బోధన్. సేకరించినవారు: ఆర్.బి." అని ఉంది. ఓడరేవు ఊళ్ళో వైద్యం చేసిన ఒక డాక్టరుగారు నావికుల దగ్గర చిప్పలు పోగుచేసేవారట. ఆయన పోయాక ఇంటివాళ్ళు పెట్టెలకొద్దీ మాకిచ్చేశారు. వాటిలో వచ్చిందిది.

దీపం కింద పెట్టి చూస్తే లోపలివైపు అక్షరాలు కనిపించాయి. "రె.బే. బోధన్". సిరాతో రాసినవి కావు, చుక్క పక్కన చుక్కగా పొడిచినవి. నాకు మా అమ్మ పప్పుగిన్నె గుర్తొచ్చింది. స్టీలు కొట్లో గిన్నె కొంటే మిషనుతో ఇంటావిడ పేరూ ఊరూ కొట్టిస్తారే, అవే చుక్కలు. నాకు ముందు ఆ సీట్లో కూర్చున్నవాళ్ళు ఊరి పేరు చూసి చిప్ప అక్కడ దొరికిందనుకున్నారు, పొడి అక్షరాలు చూసి ఆ మనిషి సేకరించిందనుకున్నారు. గిన్నె మీద ఊరి పేరుంటే గిన్నె ఆ ఊరి చెరువులో దొరికిందనా అర్థం?

"చోటు తెలియదు అని మార్చెయ్యండి మేడమ్, పీడా పోతుంది" అన్నాడు నాతో పనిచేసే ప్రభాకర్. అతనికి ఆ సొరుగంటేనే విసుగు. చెమ్మ తగిలితే చిప్పలకు తెల్లపొడి పట్టి గుల్లబారతాయి. అందుకని ప్రతి సొరుగులో చెమ్మ పీల్చే గుళికలు పెడతాం. పొడిగా ఉన్నంతకాలం అవి నీలంగా ఉంటాయి, చెమ్మ తాగితే గులాబీ రంగుకు తిరుగుతాయి. మిగతా సొరుగుల్లో ఏడాదికోసారి మారిస్తే చాలు. ఈ చిప్ప ఉన్న సొరుగులో మాత్రం నెల తిరక్కుండా గులాబీ అవుతాయి. గది ఒకటే, ఏసీ ఒకటే. "ఇందులో ఎవరో ఏడుస్తున్నారు మేడమ్" అనేవాడు ప్రభాకర్. నేను కసురుకునేదాన్ని. చిప్పలో పాత ఉప్పు ఇంకి ఉంటుంది, ఉప్పు చెమ్మను లాగుతుంది, అంతే.

అసలు చిప్పను గడప దాటించే వీల్లేదు కాబట్టి ప్లాస్టర్‌తో అచ్చు తీయించాను. అంచు మీది నొక్కూ లోపలి చుక్కల అక్షరాలూ అన్నీ అందులో దిగాయి. సొరుగులో కొత్త గుళికలు నా చేత్తోనే పోసి, ఆ తెల్లటి సగాన్ని తువ్వాల్లో చుట్టి సంచిలో పెట్టుకుని, మాఘమాసపు చలిలో రైలెక్కాను.

నిజామాబాద్

స్టేషన్ బయటికి వస్తే పసుపు వాసన. పంట అప్పుడప్పుడే మార్కెట్‌కు దిగుతోందట. మా వైపు పసుపంటే పోపుల పెట్టెలో ఉండేది. ఇక్కడ లారీల మీద, చొక్కాల మీద, టీ గ్లాసుల అంచుల మీద కూడా ఉంది. రోడ్డు పక్క బండి దగ్గర ఇరవై రూపాయలకు పోహా పెట్టాడు, పైన సేవు చల్లి నిమ్మబద్ద పిండి. పక్క బండి మీద మరాఠీలో బేరం నడుస్తోంది. పొద్దున్నే ఇడ్లీ పడకపోతే నాకు తలనొప్పి వస్తుందని అందరికీ చెప్పుకుంటూ ఉంటాను. ఆ పూట రెండో ప్లేటు పోహా కూడా తిన్నాను, తల బాగానే ఉంది.

నా ఎదురుగా నిలబడి తింటున్న పెద్దాయన కమ్మర్‌పల్లి నుంచి పసుపు తెచ్చిన రైతు. మాట కలపడానికి ఆయనకు పరిచయం అక్కర్లేదు.

"ఏడికి పోతున్నవమ్మా, ఒక్కదానివే?"

"బోధన్ అండి. ఒకావిడను వెతకాలి."

"పేరేంది?"

"తెలియదు."

ఆయన నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "గల్ఫ్‌కెల్లి ఏమన్న కబురు తెచ్చినవా?"

నేను నవ్వి కాదన్నాను. ఆయన నవ్వలేదు. "మా ఊర్ల ఇంటికొక్కడు ఆడ ఉంటడు. ఎర్కలేని మనిషి సంచి పట్టుకొని అచ్చి, ఫలాన ఇల్లు ఏడ అని అడిగితే మాకు గుండె జారుతది. మంచి కబురైతే ఫోన్ల అస్తది గద."

మనిషి ప్రయాణమై వెళ్ళిన వెంటనే ఇల్లు ఊడవకూడదని మా అమ్మ కూడా అనేది. కమ్మర్‌పల్లిలో ఈయన ఇంట్లో అయితే విమానం దిగానని ఫోను వచ్చేదాకా ఊడవరట. ఒకసారి అల్లుడి ఫోను ఎంతకీ రాక, దుమ్ము పేరుకుపోతున్నా ఎవరూ చీపురు ముట్టలేదన్నాడు.

"మరి వచ్చిందా?"

"అచ్చింది. సిమ్ము దొరకలేదట పోరనికి" అని ప్లేటు కడిగి పెట్టాడు. వెళ్ళబోతూ నా సంచి వైపు మళ్ళీ ఒకసారి చూశాడు. నాకు ఎందుకో సంచిని ఇంకో భుజానికి మార్చుకోవాలనిపించింది.

ఎడపల్లి

తెలంగాణ బస్సుల్లో ఆడవాళ్ళకు ఛార్జీ లేదు. ఆధార్ చూపిస్తే కండక్టరమ్మ సున్నా రూపాయల టికెట్టు చేతిలో పెట్టింది. బందరులో పుట్టి హైదరాబాద్ చిరునామాతో ఆధార్ తీసుకున్నందుకు మొదటిసారి సంతోషించాను. ఆ సంతోషం ఎడపల్లి దాకానే. అక్కడ బస్సు చక్రం పంక్చరై అందరం రోడ్డు మీద పడ్డాం.

మంచు అప్పటికీ విడవలేదు. రోడ్డుకు అటు వరి మళ్ళు, ఇటు చెరకు తోట. తోట అంటే మొదటి రెండు వరసలే, తర్వాత అంతా తెలుపు. చెరకు కొట్టే చప్పుడు వినిపిస్తోంది గాని మనుషులు లేరు. కాసేపటికి ఆ చప్పుడూ ఆగిపోయింది. మంచులోంచి గడల లోడుతో ఒక ట్రాక్టరు వచ్చి, మా పక్కనుంచి వెళ్ళి, మళ్ళీ మంచులో కలిసింది. అప్పుడు నా ముక్కుపుటాలకు వేడి తీపి వాసన తగిలింది, చెరకు రసం కాగుతున్న వాసన.

"చక్కెర ఫ్యాక్టరీ నడుస్తోందా అవ్వా?" అని పక్కన రాయి మీద కూర్చున్న ముసలామెను అడిగాను. బస్సులో నా పక్క సీటు ఆమెదే.

"ఏడ ఫ్యాక్టరీ బిడ్డా, అది బందై ఎన్నొద్దులాయె. చెరుకు ఇప్పుడు బయటి ఊర్లకు పోతది."

"మరి ఈ వాసన?"

ఆమె రెండుసార్లు ముక్కు ఎగబీల్చింది. "నాకైతే అస్తలేదు" అంది. మామూలు సంగతి చెబుతున్నట్టే ఇంకో మాట చెప్పింది. "మా ఇంటాయనకు సైరన్ ఇనబడ్తది. షిఫ్టు యాళ్లకు అంగి తొడుక్కొని గడపల కూసుంటడు. సద్ది కట్టిస్త. కాసేపటికి ఆయనే ఇప్పుకొని తింటడు."

ఎవరో ఎక్కడో బెల్లం వండుతూ ఉంటారని సర్దిచెప్పుకున్నాను. చక్రం మార్చి బస్సు కదిలాక వాసన పోయింది.

బోధన్, స్టీలు కొట్లు

లాడ్జిలో సామాను పడేసి, ఒక మెస్సులో జొన్నరొట్టె, పచ్చిపులుసు తిన్నాను. మేం చింతపండు కాచకుండా పులుసు చేసుకోవడం ఎరగం. పచ్చిగా పిసికి ఉల్లిపాయ వేసి ఇస్తే ఇది కూరా మంచినీళ్ళా అనుకున్నాను గాని గిన్నె ఖాళీ చేశాకే లేచాను. తర్వాత స్టీలు సామాన్ల కొట్లు వరసగా చూసుకుంటూ పోయాను. మొదటి రెండింట్లో కొత్త మిషన్లు, ఆ చుక్కలు వేరు. మూడోది చిన్న కొట్టు. గంగారాం అనే పెద్దమనిషి గుమ్మంలో కూర్చుని పెళ్ళి బిందె మీద పేరు కొడుతున్నాడు. మిషను కందిరీగ లోపల దూరినట్టు గుయ్యిమంటోంది.

"ఈ అక్షరాలు మీరు కొట్టినవేనా చూడండి" అని తువ్వాలు విప్పాను.

ఆయన మిషను ఆపాడు. అచ్చును చేతిలోకి తీసుకోకుండా వంగి చూశాడు. "గిది సున్నం తీరుగున్నది. అసలుది ఏడున్నది?"

"హైదరాబాద్‌లో, మా మ్యూజియంలో."

"ఒక్కటే అచ్చిందా? మనిషి రాలేదా?"

"ఏ మనిషి?"

ఆయన లేచి షట్టరు సగానికి దించాడు. నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, తను బిందెల మధ్య నిలబడే చెప్పాడు.

"పేరు కొట్టుమని చిప్ప తెచ్చినోడు నాకు ఒక్కడే మేడం. ఇలియాస్ అని, ఫ్యాక్టరీల బాయిలర్ కాడ పని చేసెటోడు. అది బందైనంక గల్ఫ్ పోయిండు. ఆడికెల్లి చలి దేశంల ఒక ఓడెక్కిండు. శాపలు పట్టి ఓడలనే డబ్బాలకు నింపుతరట, అండ్ల బాయిలర్ పని. ఒక్కపారి సుట్టీకి అచ్చినప్పుడు గీ చిప్ప తెచ్చిండు. అప్పటికి రెండు సగాలు అంటుకొనే ఉండె. ఇంట్ల గిన్నెలన్నిటి మీద నీ పేరే గద, దీని మీద గూడ నీ పేరే అనుకుంట పెండ్లాన్ని ఎంటబెట్టుకొని అచ్చిండు. ఆమె పేరు రెహానా బేగం. పలుగుతది భయ్ అన్న, ఇనలే. రెండు సగాలకు కొట్టిన."

"తర్వాత?"

"ఒకటి ఆమె చేతుల పెట్టిండు, ఒకటి అంగి జేబుల ఏస్కున్నడు. ఇది నన్ను ఇడిసి పోదు, ఇది ఒక్కతే ఏడన్న తేలిందంటే ఇగ నాకోసం సూడకుండ్రి అన్నడు. నవ్వుకుంటనే అన్నడు. రెహానా గూడ నవ్వింది, నేను గూడ నవ్విన. గంతే, పోయిండు. కొన్ని దినాలు ఫోన్లు అచ్చినయ్, మళ్ల బంద్. ఏదో రేవుల దిగిండు, తిరిగి ఎక్కలేదు అన్నరట ఓడోళ్లు. శవం లేదు, కబురు లేదు."

నేను అచ్చును మళ్ళీ తువ్వాల్లో చుట్టి సంచి అడుక్కి తోశాను.

"ఇలియాస్ తల్లికి కండ్లు కనబడవు" అన్నాడు గంగారాం. "పానం పోయేలోపల కొడుకు పేరు మీద ఫాతిహా సదివించాలంటది. సచ్చిపోయినోళ్ల కోసం సదివిస్తరు గద, గది. రెహానా ఒప్పుకోదు. చిప్పల ఉప్పు పోసి పెట్టింది. ఆ ఉప్పు చెమ్మ పట్టినన్ని దినాలు మొగడు ఉన్నట్టేనంటది. ఇద్దరు మంచోళ్లే, ఒక్కింట్లనే ఉంటరు, ఈ ఒక్క ముచ్చట కాడ మాట కలవదు. ఇగ మీరు గిది తీస్కపోయి ముందర పెడితే ఏమైతది? పోకుండ్రి మేడం."

పొద్దున కమ్మర్‌పల్లి రైతు చూసిన చూపు గుర్తొచ్చింది. సంచి పట్టుకుని ఇల్లు వెతుక్కుంటూ వచ్చిన ఎర్కలేని మనిషిని నేనే. భయం వేసింది. దాంతోపాటు మొండితనం కూడా వచ్చింది. ఇంతదూరం వచ్చి రెండో సగాన్ని కంటితో చూడకుండా పోతే నేను రాసేది ఏం రికార్డు? అచ్చు సంచి దాటి బయటికి రాదని, చూసి వచ్చేస్తానని గంగారాంకు మాటిచ్చాను. ఆయన అయిష్టంగానే దారి చెప్పాడు.

రెహానా ఇల్లు

ఇరుకు సందులో చివరి ఇల్లు. గుమ్మంలోనే బీడీ ఆకు వాసన. రెహానా చేట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతోంది. నలభై దాటిన మనిషి, చేతుల నిండా ఆకుపచ్చ గాజులు. ఎండ పడేచోట నులకమంచం మీద అత్తగారు కూర్చుని ఉంది, చూపు లేని కళ్ళు వాకిలి వైపు పెట్టి. మ్యూజియం నుంచి వచ్చానని, పాత చిప్పల వివరాలు రాసుకుంటున్నానని చెప్పాను. అబద్ధం కాదు గాని గొంతు అబద్ధంలాగే పలికింది. రెహానా తలూపి, లోపలికి వెళ్ళి, చాయ్ పెట్టి తెచ్చింది. నేను తాగడం పూర్తయ్యాక కప్పు పక్కకు తీసింది.

"బ్యాగుల ఉన్నది తియ్యుండ్రి మేడం" అంది అప్పుడు. "గంగారామన్న ఫోన్ చేసి ఏడ్సిండు."

గంగారాంను మనసులో తిట్టుకుంటూ తువ్వాలు విప్పాను. ఆమె తాకలేదు. చేతులు కడుక్కుని వచ్చి, కొంగు తల మీదికి లాక్కుని, రెండు చేతులతో తీసుకుంది. చుక్కల మీద వేలు పెట్టి తన పేరు దాకా వెళ్ళి ఆగింది.

"ఏందే రెహానా? ఏం తెచ్చింది ఆ బిడ్డ?" అని మంచం మీంచి అత్తగారు.

దాచెయ్యవచ్చు. చూపు లేని మనిషికి ఏదో ఒకటి చెప్పెయ్యవచ్చు. రెహానా నేరుగా వెళ్ళి ఆ సగాన్ని అత్తగారి ఒళ్ళో పెట్టింది. ముసలామె బొటనవేలితో అంచంతా తడిమింది. నొక్కు దగ్గర వేలు ఆగింది, తర్వాత చుక్కల మీద. ఆ ఇంట్లో ఉన్న సగాన్ని ఆమె ఎన్నిసార్లు తడిమి ఉంటుందో మరి, చెప్పడానికి ఎవరూ అక్కర్లేకపోయింది.

"ఇలియాస్ అచ్చిండు" అంది మెల్లగా. ఆ వెంటనే "ఇగనన్న సదివించే బిడ్డా" అంది.

రెహానా పొయ్యి పక్క గూట్లోంచి తన సగాన్ని తెచ్చింది. అందులో దొడ్డుప్పు. వంటకు వాడే ఉప్పు వేరే డబ్బాలో ఉంటుందట. ఇది సముద్రపు జీవి కదా, ఉప్పు లేకపోతే చస్తుందని ఇలియాస్ ఆటపట్టించాడట, అందుకని దీనికి విడిగా పోస్తుంది. ఆ ఉప్పు తడిసి అడుగున నీరూరి ఉంది. రెహానా దాని మీద తెల్లటి సగాన్ని బోర్లించింది. నొక్కు మీద నొక్కు కూర్చుంది. అంచుకూ అంచుకూ మధ్య దారం దూరే సందు లేదు. ఎన్నో చిప్పల జతలు కలిపిన మనిషిని నేను. జత కుదిరినందుకు ఒళ్ళు జలదరించడం మాత్రం అదే మొదలు.

"ఇది సున్నం గద మేడం, అసలుది కాదు గద" అంది రెహానా.

"కాదు. అచ్చు."

"ఒక్క రాత్రి నా కాడ ఉంచుండ్రి." ఉప్పు లోపలే ఉండగా రెండింటినీ మూసి బీడీలు కట్టే దారంతో చుట్టింది. నల్ల సగం, తెల్ల సగం, మధ్యన ఎర్ర దారం. "పొద్దుగాల రండ్రి, మా ఇంట్ల తిందురు."

లాడ్జికి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే తట్టింది నాకు. ప్లాస్టర్ చెమ్మను పీలుస్తుంది. గోడకు నీళ్ళు కొడితే పీల్చినట్టు పీలుస్తుంది. రోజూ సొరుగుల్లో చెమ్మతో కుస్తీపట్టే నాకు ఆ సంగతి అక్కడ తట్టనే లేదు.

మరునాడు

ఖిచిడీ, ఖీమా, చింతపండు పోసిన నువ్వుల ఖట్టా చేసి పెట్టింది. పొద్దున్నే మాంసం మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు. నాకూ మింగుడుపడలేదు, అలవాటు లేక కాదు. దారంతో కట్టిన చిప్ప నా ఎదురుగానే ఉంది. నేను తినేదాకా ఆమె దాన్ని ముట్టలేదు.

తర్వాత దారం విప్పింది. ప్లాస్టర్ సగం బూడిద రంగుకు తిరిగి బరువెక్కింది. చిప్పలోని ఉప్పును రెహానా అరచేతిలోకి వంచుకుంది. గింజకు గింజ విడిపోయి గలగలా రాలింది.

"ఎండింది" అంది.

మంచం మీద ముసలామె పెదవులు కదులుతున్నాయి. నేను ఉండబట్టలేక అరిచినట్టే చెప్పాను. "అది ప్లాస్టర్ పీల్చింది రెహానా. దానికి చెమ్మ పీల్చే గుణం ఉంది. నిన్ననే చెప్పాల్సింది, తట్టలేదు. దీనికి ఇంకే అర్థమూ లేదు."

ఆమె నన్ను జాలిగా చూసింది. అత్తగారికి వినపడకుండా వాకిట్లోకి తీసుకెళ్ళింది.

"నాకు ఎర్క లేదా మేడం? వానకాలం ఉప్పు దానంతటదే నీరు కారుతది. ఎండకాలం ఎట్ల కారాలె? పొద్దుగాల లేవంగనే తడిగుడ్డ కప్పుత. అమ్మీకి కనబడదు గద. మధ్యాహ్నానికల్ల చెమ్మ పడతది, అప్పుడు ఆమె ఏలు పట్టి ముట్టిపిస్త. రోజు నేనే కప్పుత, రోజు నేనే నమ్ముత." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "కాని మీ కాడున్న దానికి నేను తడిగుడ్డ కప్పలేదు. మీకు గూడ దాని ముచ్చట నిన్నటిదాక తెల్వదు. అది అబద్ధం చెప్పదు. పోయినంక దాన్ని సూసి ఒక్క మాట చెప్పుండ్రి. ఎండి ఉంటే శుక్రవారం ఫాతిహా చేపిస్త, గాజులు తీస్త. చెమ్మ ఉంటే..." అని ఆపేసింది.

నా కళ్ళ ముందు గులాబీ రంగు గుళికలు కదిలాయి. సరేనని మాత్రం అన్నాను. వచ్చేస్తుంటే ముసలామె నన్ను దగ్గరికి పిలిచి తల మీద చెయ్యి పెట్టింది. ప్లాస్టర్ సగం తనకు ఇచ్చి పొమ్మంది. ఇచ్చేశాను. దాన్ని దిండు కింద పెట్టుకుంది.

మళ్ళీ మా సొరుగు ముందు

దారంతా ఒకటే ఆలోచన. చెమ్మ ఉంటుందని నాకు తెలుసు, ఎప్పుడూ ఉంటుంది. అది పాత ఉప్పు తప్ప మనిషి ఊపిరి కాదు. నిజం చెబితే ఆ ముసలామె కొడుక్కి ఫాతిహా లేకుండానే పోతుంది, రెహానా తడిగుడ్డలు కప్పుకుంటూనే ఉంటుంది. ఎండిందని చెబితే ఆమె గాజులు తీసేది నా మాట మీద. రైలు కామారెడ్డి దాటేసరికి ఎండిందనే చెప్పాలని నిశ్చయించుకున్నాను. ఇద్దరికీ అదే మంచిదనుకున్నాను.

మ్యూజియంకు వెళ్ళగానే సొరుగు తెరిచాను. బయల్దేరే ముందు నా చేత్తో పోసిన కొత్త గుళికలు. నెల మాట దేవుడెరుగు, మూడు రోజులు కూడా కాలేదు. మొత్తం గులాబీ. చిప్ప లోపల వేలు పెడితే, చుక్కల అక్షరాల మీద తడి. ప్రభాకర్ వెనకనుంచి చూసి ఈసారి ఏడుపు మాట అనలేదు, కొత్త గుళికలు తేవడానికి వెళ్ళిపోయాడు.

ఫోన్ చేశాను. రెహానా ఎత్తగానే అడిగింది. "ఉన్నదా మేడం?"

"ఉంది" అన్నాను. రైలంతా వల్లెవేసుకున్న మాట నోటికి రాలేదు.

"మీరు ఎండింది అంటరనుకున్న" అంది. "అమ్మీకి చెప్పను మేడం. శుక్రవారం ఫాతిహా చేపిస్త. ఆమె కొడుకు కోసం ఆమెను సదివించుకోనీ. నా మొగని కోసం మాత్రం నేను సదివిస్తలేను. నెలకొక్కపారి సూసి చెప్తరా?"

చెబుతానన్నాను. శుక్రవారం ఫాతిహా జరిగింది. గాజులు తీయలేదని గంగారాం చెప్పాడు. ఆ వారమే రికార్డు సరిచేశాను. దొరికిన చోటు తెలియదు, సేకరించినవారు తెలియదు అని రాశాను. కింద "యజమాని: రెహానా బేగం, బోధన్" అని చేర్చాను. అలాంటి గడి మా రికార్డుల్లో లేదని పైవాళ్ళు అన్నారు. ఉండాలి కాబట్టి చేర్చానన్నాను.

ప్రతి నెలా ఫోన్ చేస్తున్నాను. "ఉన్నదా?" అంటుంది. "ఉంది" అంటాను. తర్వాత ఎండలు, అత్తగారి మోకాళ్ళు, మా ఆయన షుగరు, ఏవో మాట్లాడుకుంటాం. ఈమధ్య నన్ను అక్కా అంటోంది.

పోయిన వారం ఆ గదికి కొత్త ఏసీ బిగించారు. చెమ్మను బాగా లాగేస్తుందట. "సొరుగులన్నీ చూశాను మేడమ్, గుళికలన్నీ నీలంగానే ఉన్నాయి" అని ప్రభాకర్ సంతోషంగా చెప్పాడు. అన్నిట్లోనా అని నేను అడగలేదు. నిన్న రెహానాకు ఫోన్ చేయాల్సిన రోజు. అందరూ భోజనానికి వెళ్ళాక నా చేతిరుమాలు కుళాయి కింద తడిపి, గట్టిగా పిండి, ఆ సొరుగు లాగాను. గుళికల వైపు చూడకుండానే చిప్ప మీద గుడ్డ కప్పి, ఫోన్ చేశాను.